ఆనపపిందెలకు మేజోళ్ళు

ఇప్పటి పిల్లలకు చెబితే కోతలు కోస్తున్నాననుకుంటారు గాని, మేము ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఆనపకాయ అన్నది కలలోకి వచ్చే వస్తువు. ఇవాళ మా కోడలు కారేసుకుని వెళ్ళి, దొండకాయలు, దోసకాయలు, గోంగూర, ఆఖరికి అరటిపువ్వుతో సహా తెచ్చి ఫ్రిజ్‌లో కుక్కేస్తుంది. వారం తిరిగేసరికి సగం వాడిపోయాయని చెత్తబుట్టలో వేస్తుంది. నేను నోరెత్తకుండా ఆ సంచీ మళ్ళీ బయటికి తీసి, బాగున్నవి ఏరి, కూర వండుతాను. (నోరెత్తకుండా అన్న మాట మా కోడలు ఒప్పుకోదు.) ఆ రోజుల్లో మేమున్న పిస్కాటవే అనే ఊళ్ళో బంగాళాదుంపలు, క్యాబేజీ, గట్టి బీన్సు, ఇవే మార్చి మార్చి వండుకునేవాళ్ళం. వంకాయ ఉండేది గాని, దాని సైజు చూస్తే కూర వండాలనిపించేది కాదు, ఎవరైనా కాలితో తన్ని ఆడుకుంటారేమో అనిపించేది. అలాంటి కాలంలో, ముప్పై నిండకుండానే లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసులో, నేను ఒక మడి పుచ్చుకుని సేద్యం చేశాను. ఆ మొదటి ఏడాది తలచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా కూర్చుని నవ్వుకుంటాను. ఎవరైనా వస్తే ఆపేస్తాను.

మేముండేది అద్దె ఇళ్ళ వరసలో కింది వాటా. మా ఆయనది మందుల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం. పై వాటాలో వరంగల్ నుంచి వచ్చిన కొత్త జంట ఉండేవారు. ఆ అమ్మాయిని మేము పైమేడ పిల్ల అనేవాళ్ళం. (ఇప్పుడు ఆ పిల్లకి మనవరాలు కూడా పుట్టింది, అయినా మా ఇంట్లో ఆ పేరు మారలేదు.) ఆ ఏడు చలి ఇంకా తగ్గకముందే పిల్లకు నెల తప్పింది. తప్పిన దగ్గర్నుంచి మంచినీళ్ళు కూడా ఇమిడేవి కావు. తల్లి ఎక్కడో ఉంది, ఫోను చేయాలంటే ఖర్చుకు భయపడే రోజులు. దగ్గరున్న పెద్దదిక్కు నేనే. అందుకని ఒకరోజు చారన్నం మెత్తగా కలిపి పట్టుకెళ్ళాను. రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టేసింది.

"ఏం తినబుద్ధి అయితలేదు అక్కా. తిన్నదంతా బయటికే వస్తున్నది."

"ఏం తినాలనుందో చెప్పు, చేసి పెడతాను."

"చెప్పినా మీరెక్కడ తెస్తరు?"

"తేవడం నా పని. చెప్పడం నీ పని."

"సొరకాయ పులుసు," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా అమ్మ బెల్లమేసి చేస్తది. నేనైతే గిన్నె గీకి మరీ తింటుంటి."

వాళ్ళ సొరకాయే మా గోదావరి వాళ్ళ ఆనపకాయ. కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి ఒకటి అడిగితే పెట్టి తీరాలి. పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవుల్లో చీము పడుతుందని మా ఇంట్లో అందరూ నమ్మేవారు, నేను అందరికన్నా ఎక్కువ నమ్మేదాన్ని. పిల్ల కన్నీళ్ళు చూడలేక, "నీకు పురుడు వచ్చేలోగా ఆనపకాయ పులుసు పెడతాను, నాదీ పూచీ," అని మాట ఇచ్చేశాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

మా ఆయన పేపరు చదువుకుంటూ, "ఎక్కడి నుంచి తెచ్చి పెడతావోయ్?" అన్నారు.

"పండించి."

"ఎక్కడ? బాత్‌టబ్బులోనా?"

అప్పుడు ఆయనే తన నోటితో చెప్పుకున్న సంగతి ఒకటి గుర్తు చేశాను. టౌన్ వాళ్ళు లైబ్రరీ వెనకాల ఖాళీ జాగాను మళ్ళుగా కొలిచి, మడికీ మడికీ మధ్య పలచటి తీగ కంచె వేసి, కావలసిన వాళ్ళకు కూరగాయలు వేసుకోమని ఇస్తున్నారని ఆయన ఆఫీసులో విని వచ్చారు. విన్నందుకు పశ్చాత్తాపపడుతూ వెళ్ళి మా పేరు రాయించి వచ్చారు. విత్తనాలకు లోటు లేదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు మా అమ్మ ఆనపగింజలు గుడ్డలో మూటకట్టి చీర మడతల్లో పెట్టింది. వాటి గురించి దారిలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా మొక్కల విషయంలో మాత్రం నాకెవరూ చెప్పక్కర్లేదని నా ధీమా. ఎందుకంటే మా పుట్టింటి పెరట్లో ఆనపపాదు లేని ఏడాది లేదు. కాని ఆ పాదు పెట్టింది మా అమ్మ. నీళ్ళు పోసింది పాలేరు. పందిరి వేసింది మా బాబాయి. నేను చేసిందల్లా కాయ కోసుకురమ్మంటే కోసుకురావడం. ఆ అనుభవం చూసుకునే నడుం బిగించాను.

విత్తనం ఉగాదినాడు వేశాను. మంచిరోజు కదా. నేల రాయిలా ఉంది, గునపం లేదు, కొనడం నాకిష్టం లేదు. మా ఆయన స్క్రూడ్రైవరుతో గుంటలు చేసి, గుంటకు రెండేసి గింజలు వేసి, పసుపు కుంకుమ చల్లి, దణ్ణం పెట్టుకుని వచ్చాను. మర్నాడు లేచి చూస్తే కిటికీ అవతల లోకమంతా తెల్లగా ఉంది. మా ఆయన కాఫీగ్లాసు పట్టుకుని ఆ మంచు వంక చూసి, "పంచాంగంలో ఇది రాసిలేదా?" అన్నారు. ఆ రోజు ఆయనకు ఉప్మాలో జీడిపప్పు పడలేదు.

నయమేమిటంటే గింజలన్నీ ఒకేసారి వేసే చేయి కాదు నాది. మిగిల్చినవాటిలో కొన్ని మే నెలలో, పక్క మళ్ళవాళ్ళు నాటడం చూసి, నాకూ అప్పుడే బుద్ధి పుట్టినట్టు మొహం పెట్టి వేశాను. అవి మొలిచాయి. పెట్రోలుకు (ఇక్కడ గ్యాస్ అంటారు) కరువొచ్చి, గ్యాస్ స్టేషన్ల దగ్గర కార్లు వీధి మలుపు దాకా బారులు తీరిన వేసవి అది. తోట కోసం గ్యాస్ తగలెయ్యడానికి వీల్లేదని ఆయన కాదు, నేనే ఆర్డరు వేశాను. రోజూ సాయంత్రం చీర ఎగదోపి, మా ఆయన పాత బూట్లు తొడుక్కుని, బకెట్టు పట్టుకుని నడిచి వెళ్ళేదాన్ని. కార్ల బారులో కూర్చున్నవాళ్ళకు నేను మంచి కాలక్షేపం అయి ఉంటాను.

మా మడి పక్క మడి ఒక ముసలాయనది. చిన్నప్పుడే తల్లిదండ్రులతో ఇటలీ నుంచి వచ్చాడట. గడ్డి టోపీ పెట్టుకుని పొద్దస్తమానం టమాటాల మధ్యే ఉండేవాడు. నేను టోపీ తాత అని పేరు పెట్టాను. (ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకు అప్పుడు నా ఇప్పటి వయసు ఉంటుందేమో.) నా ఇంగ్లీషు అప్పటికి హలో, థాంక్యూ, హౌ మచ్, టూ మచ్, ఈ నాలుగింటితో సరి. ఆయన మాత్రం నాకంతా అర్థమవుతున్నట్టే గలగలా మాట్లాడేవాడు. నా పాదు కంచె ఎక్కి తెల్లటి పూలు పూయడం మొదలుపెట్టాక ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మొదటి పిందె, నా చిటికెనవేలంత, నూగునూగుగా, మొన మీద పువ్వుతో కనబడ్డ రోజున టోపీ తాత కంచె మీదకు వంగి, చూపుడు వేలు నిటారుగా చాపి, సరిగ్గా దాని మీద పెట్టి, "లుక్, మిసెస్, లుక్," అన్నాడు.

పిందెను వేలుపెట్టి చూపిస్తే కుళ్ళి రాలిపోతుందని మా వైపు పాకే పిల్లలకు కూడా తెలుసు. చూపించక తప్పకపోతే వేలు మడిచి, కణుపుతో చూపిస్తాం. ఈయన చూపించడమే కాదు, పక్క మళ్ళవాళ్ళను కూడా పిలిచి వాళ్ళ చేత చూపించాడు. మూడోరోజుకు పిందె పసుపుపచ్చబడి, ముడుచుకుని, ముట్టుకుంటే చేతిలోకి వచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆ శనివారం మా ఆయన్ను వెంటబెట్టుకెళ్ళాను.

"ఏవండీ, వేలుపెట్టి చూపించవద్దని ఆయనకు చెప్పండి."

"ఎందుకని అడిగితే?"

"పిందె కుళ్ళిపోతుందని చెప్పండి."

"నేను ల్యాబులో పనిచేస్తున్నాను."

"అయితే?"

"అయితే ఏమీ లేదు. ఆ మాట నా నోటితో ఇంగ్లీషులో రాదు. నువ్వే చెప్పుకో."

చెప్పుకున్నాను. "నో ఫింగర్, ప్లీజ్," అన్నాను, మా ఆయన దగ్గర అప్పటికప్పుడు నేర్చుకుని. టోపీ తాత తన వేలు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, మట్టి అంటిందేమోనని ప్యాంటుకు తుడుచుకున్నాడు. నేను నా చూపుడు వేలు మడిచి, కణుపుతో ఒక ఆకును చూపించి, "ఎస్," అన్నాను. వేలు చాపి, "నో," అన్నాను. ఆయన చాలా శ్రద్ధగా వేలు మడిచి నన్ను అనుకరించాడు. మర్యాదస్థుడు, పెద్దమనిషి. వారం తిరిగేసరికి ఆ వరసలో ఉన్న మళ్ళవాళ్ళందరికీ నేర్పాడు. ఎవరు ఏ టమాటాను చూపించాలన్నా పిడికిలి ముందుకు పెట్టి కణుపుతో చూపించేవారు. ఇది ఇండియా పద్ధతి అని గొప్పగా చెప్పుకునేవారట. మా ఆయన మాత్రం తోట వైపు రావడం తగ్గించేశారు.

అయినా పిందెలు రాలుతూనే ఉన్నాయి. నేను లేనప్పుడు ఎవరో వేలు చాపుతున్నారని తేల్చుకున్నాను. అడుగంటిపోయిన పాత సత్తుగిన్నె ఒకటి ఉంటే, దాని నల్లటి అడుగు మీద తెల్ల బూటుపాలిష్‌తో బొట్లు పెట్టి, కర్రకు బోర్లించి, దిష్టికి మడి మధ్యన పాతాను. టోపీ తాతకు అది తెగ నచ్చింది, పిట్టలకోసమనుకున్నాడు. మర్నాడు తన మడిలో కూడా ఒక మూకుడు వేలాడదీశాడు. నా పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి పైమేడ పిల్ల బయట మెట్ల మీద, పెద్ద పొట్టతో, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేది.

"ఎంతవరకొచ్చింది అక్కా?"

"వస్తోంది."

"నాకేం తొందర లేదులే అక్కా. మీరు గంత దూరం నడుస్తున్నరు, వద్దనుకుంటే వద్దు."

తిట్టినా బాగుండేది. సెప్టెంబరు మధ్యలో కాన్పు అని డాక్టరు చెప్పాడట. జూలై వెళ్ళిపోయింది. ఆ రాత్రి కంచంలో అన్నం కలుపుతూ ఆలోచించి ఆలోచించి, మర్నాడు బట్టల అలమార తెరిచాను. ఈ దేశంలో బట్టలు ఉతికే మిషను ప్రతి జతలోనూ ఒక మేజోడును మింగేస్తుంది కదా, మిగిలిన ఒంటి మేజోళ్ళను నేను పారెయ్యక సంచీ నిండా దాచి ఉంచాను. పారెయ్యకపోవడం ఎంత మంచి అలవాటో రుజువైందనుకున్నాను. పిందె కనబడ్డం ఆలస్యం, దానికి పువ్వుతో సహా మేజోడు తొడిగి, కాడ దగ్గర పురికొసతో వదులుగా ముడివేశాను. ఇక ఎవరి వేలు పడుతుందో, ఎవరి కన్ను పడుతుందో చూద్దాం. నల్లవి, గోధుమరంగువి, పచ్చ గీతలవి, రకరకాల మేజోళ్ళతో నా కంచె ఎవరో ఒంటికాలి మనుషులు బట్టలారేసుకున్నట్టు ఉండేది. కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకావిడ ఆగి ఫొటో తీసుకుంది.

"నా ఆఫీసు సాక్స్ ఏవి?" అన్నారు మా ఆయన ఒక పొద్దున్న.

"పనిమీద వెళ్ళాయి."

"ఏ పని?"

"వచ్చి చూడండి."

ఆఫీసుకు వెళ్తూ ఆగి చూశారు. చూసి, వెళ్ళి కారులో కూర్చున్నారు. ఒంటివి చాలక జతవి కూడా వాడానని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఈ మేజోళ్ళ దగ్గర్నుంచి టోపీ తాతకు నామీద కోపం వచ్చిందనుకున్నాను. నేను రాగానే కంచె దగ్గరకు వచ్చి, వేలు మడిచి (ఆ మర్యాద మాత్రం తప్పలేదు) ఒక్కొక్క మేజోడునూ కణుపుతో చూపించి తల అడ్డంగా ఊపేవాడు. చేతులు రెండూ రెక్కల్లా ఆడించేవాడు. "బజ్జ్," అనేవాడు. నా కాయలు చూసి ఓర్వలేకపోతున్నాడని, కాయలు లేవన్న సంగతి కూడా మరిచిపోయి, అనుకున్నాను. ఆయన రెక్కలు మొదలుపెట్టగానే వీపు తిప్పి, బకెట్టులో నీళ్ళున్నా లేకపోయినా పోస్తున్నట్టు నటించేదాన్ని. లోపల మేజోళ్ళలో పిందెలు ఒకటొకటిగా నల్లబడి, జారి, బొటనవేలి దగ్గర చేరేవి. సాయంత్రం వెళ్ళి మేజోడు పిండితే తెలిసేది. ఆగస్టు ఆఖరుకు వచ్చేశాం. ఇక్కడ చలి ఎంత తొందరగా దిగుతుందో నాకు తెలుసు. పాదుకు పూలు తగ్గాయి. పైమేడ పిల్ల అడగడం మానేసింది.

ఆ శనివారం మా ఆయన్ను తీగలు పీకడానికి సాయానికి తీసుకెళ్ళాను. టోపీ తాత మమ్మల్ని చూసి పరుగులాంటి నడకతో వచ్చి, మా ఆయన చెయ్యి పట్టుకుని, తన మడి లోపలికి లాక్కెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను. తన చిక్కుడు కర్రల దగ్గర ఆగి, ఆకులు పక్కకు తప్పించాడు. లేతాకుపచ్చగా, నున్నగా, నా మోచేతి పొడవున, ఆనపకాయ వేలాడుతోంది. దాని వెనకాల ఇంకొకటి, కాస్త చిన్నది. నా పాదే. ఒక కొమ్మ ఎప్పుడో కంచె దూరి అవతలికి పోయి, చిక్కుడు కర్రలు ఎక్కింది. నేను నా వైపు మేజోళ్ళు కాపలా కాస్తూ ఆ కొమ్మను చూడనే లేదు. మేజోడు లేదు, దిష్టిగిన్నె అటువైపు లేదు, తాత రోజూ కాయను వేలితో తట్టి చూసుకుంటున్నాడట. అయినా కాసింది.

సంతోషించాల్సింది పోయి నాకు ముందు వచ్చింది కోపం. "పాదు మనది. గింజ మా అమ్మ ఇచ్చింది. కాయ ఈయన కర్రకి కాయడమేమిటి?"

"ఆయన్నడగనా?" అన్నారు మా ఆయన.

టోపీ తాత అడక్కుండానే చెప్పుకుపోతున్నాడు. మా ఆయన వింటున్నారు. వింటూ వింటూ మొహం ఎర్రబడి, దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమంటున్నాడు?"

"పిందె చివర పువ్వుంటుంది కదా, దాని మీద తేనెటీగో, పురుగో వాలి, వేరే పువ్వు పుప్పొడి అంటిస్తేనే కాయ నిలుస్తుందట. పువ్వుకు సాక్స్ తొడిగితే అది ఎలా వాలుతుందమ్మా అంటున్నాడు. నెల రోజులుగా నీకు అదే చెబుతున్నాడట. నువ్వు తోటపని మీద చాలా శ్రద్ధగల మనిషివట, పలకవట."

"మరి మేజోళ్ళు తొడగకముందు రాలినవో?"

అడిగారు. తొలిపిందెలు కొన్ని ఎలాగూ రాలతాయి, ఓపిక పట్టాలి అన్నాడట. ఓపిక అన్న మాట మా ఆయన కాస్త నొక్కి చెప్పారని నా అనుమానం. నేను నేల చూపులు చూశాను. నా జీవితంలో తరచుగా జరిగే పని కాదది.

"కాయ ఇమ్మనండి," అన్నాను మెల్లిగా.

మళ్ళీ మాట్లాడుకున్నారు. "రెండూ గింజకి ఉంచుకుంటాడట. ఇలాంటిదే వాళ్ళమ్మ ఇటలీలో వేసేదట. ఇన్నేళ్ళలో మళ్ళీ ఇదే చూడటమట. ముదరనిచ్చి, ఎండబెట్టి, వచ్చే ఏడు వేసుకుంటాడట."

ముదిరితే అది ఎండబెట్టి బుర్ర చేసుకోడానికి తప్ప పులుసుకు పనికిరాదు. నాకు మెట్ల మీద కూర్చున్న పిల్ల మొహం కనబడింది. కొంగున ముడివేసుకున్న గుడ్డ విప్పాను. మిగిలిన గింజలు అందులో ఉన్నాయి. సగం ఆయన దోసిట్లో పోసి, సగం మళ్ళీ కట్టుకోబోయాను. మా ఆయన నా వంక చూశారు. ఇంకో రెండు వేశాను. అలాగే చూస్తున్నారు. గుడ్డతో సహా ఇచ్చేశాను. "కాయ ఎవరికోసమో చెప్పండి," అన్నాను. పైమేడ పిల్ల సంగతి, కడుపుతో ఉన్న మనిషి కోరిక సంగతి మా ఆయన చెప్పారు. చెవుల్లో చీము సంగతి చెప్పారో లేదో తెలియదు, ల్యాబులో పనిచేస్తున్నారు కదా. టోపీ తాత టోపీ తీశాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి, పెద్ద కాయను కాడతో సహా కోసి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించాడు. నాకు తెలిసిన నాలుగు మాటల్లో పనికొచ్చేది ఒక్కటే. థాంక్యూ అన్నాను. ఒకటికి రెండుసార్లు అన్నాను.

ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని, కాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, చింతపండు నానబెట్టి, పులుసు పొయ్యి మీద పెట్టేసరికి ఫోను మోగింది. పైమేడ పిల్ల భర్త.

"అక్కా, మేము హాస్పిటల్ల ఉన్నం. పొద్దున మీకోసం చూస్తే మీరు లేరు. పాప పుట్టింది. రెండు వారాల ముందే వచ్చేసింది. ఇద్దరు మంచిగున్నరు."

సంతోషంతో కూలబడ్డాను. ఆ వెంటనే లేచి పొయ్యి వైపు చూసి మళ్ళీ కూలబడ్డాను. పురుడు వచ్చేలోగా పెడతానన్నాను. వచ్చేసింది. వచ్చాక పెడదామంటే, బాలింతకు ఆనపకాయ చలవ. పులుపు అసలే పనికిరాదు. ఒళ్ళు గట్టిపడేదాకా ఈ రెండూ ముట్టనివ్వకూడదని ఆ చుట్టుపక్కల నలుగురు బాలింతలకు కళ్ళెర్రజేసి చెప్పినదాన్ని నేనే. రెండో పొయ్యి మీద మెత్తటి అన్నం, వెల్లుల్లి వేయించి, శొంఠిపొడి, నెయ్యి, అన్నీ పథ్యం ప్రకారం సిద్ధం చేశాను. పులుసుకు తిరగమోత పెట్టి దించాను.

"పులుసు ఎవరికి?" అన్నారు మా ఆయన.

"మనకి."

"మరి ఫ్లాస్కులో ఎందుకు పోస్తున్నావు?"

"కారు తియ్యండి," అన్నాను. గ్యాస్ గురించి ఆ రోజు నేనేమీ అనలేదు.

పాప ఎర్రగా, పిడికిళ్ళు బిగించి పడుకుని ఉంది. చెవులు రెండూ చూశాను, శుభ్రంగా ఉన్నాయి. పైమేడ పిల్ల వాడిపోయిన మొహంతో నవ్వింది. పథ్యపు అన్నం డబ్బా తీశాను. ఫ్లాస్కు కాళ్ళ దగ్గర సంచీలోనే ఉంచాను.

"అక్కా, పులుసు వాసన వస్తున్నది."

"అది నీక్కాదు. కాయ కాసిందని చెప్పడానికి తెచ్చాను. నెల దాటాక మళ్ళీ చూద్దాం."

"మంచిగ కాసిందా?"

"కాసింది."

"చాలు అక్కా," అంది. పథ్యపు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, అతి కష్టం మీద మింగింది. అప్పుడే నర్సు వచ్చింది. పెద్ద గ్లాసు నిండా ఐసు ముక్కలు గలగలలాడుతుంటే, వాటి మీద చల్లటి నీళ్ళు పోసి, పచ్చి బాలింత చేతిలో పెట్టింది. నేను లేచి నిలబడేలోగా పిల్ల గటగటా తాగేసింది. తాగి, ఐసు ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంది. నర్సు దుప్పటి సర్ది, చక్కా వెళ్ళిపోయింది. పిల్లకు ఏమీ కాలేదు. గోడ గడియారం ఆడుతూనే ఉంది. నా పథ్యాల పట్టిక అంతా నా కళ్ళముందే ఐసునీళ్ళలో మునిగిపోయింది. ఈ వేసవి అంతా నాకు తెలుసనుకున్న సంగతులకు ఏ గతి పట్టిందో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. వంగి ఫ్లాస్కు తీశాను.

"తినొచ్చా అక్కా? మా అమ్మైతే ముట్టనియ్యదు."

"మాట ఇచ్చాను. తిను."

తింది. మొదటి ముద్దకు ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూసింది. తరువాత ముక్కలన్నీ ఏరుకుని, మళ్ళీ పోయించుకుని, గిన్నె అడుగున వేలితో గీకి మరీ తింది. ఆ గీకిన చప్పుడు విని నాకు కడుపు నిండింది. దారి పొడవునా మా ఆయనతో నా పులుసు గురించి నేనే చెప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక ఫ్లాస్కు కడగబోతే అడుగున కాస్త మిగిలి ఉంది. పారబోసే చేయి కాదని చెప్పాను కదా, నోట్లో పోసుకున్నాను. ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు లేదు. ఫోను మోగినప్పుడు చేతిలో ఉన్న ఉప్పు మళ్ళీ డబ్బాలోకి పోయి ఉంటుంది. మార్చి నుంచి ఆ పిల్ల కలలుగన్న పులుసు, నేను వేసవి అంతా కంచె దగ్గర కాపలా కాసి తెచ్చిన పులుసు, ఉప్పు లేని చింతపండు నీళ్ళు. చెబుదామని మర్నాడు ఆస్పత్రికి వెళితే వాళ్ళాయన ఆఫీసు స్నేహితులందరూ ఉన్నారు. తరువాత చెబుదామనుకున్నాను. తరువాత, తరువాత అనుకుంటూ ఆ పాప స్కూలుకు వెళ్ళింది, కాలేజీకి వెళ్ళింది, పెళ్ళి చేసుకుంది.

పోయినేడు ఆ పాపకే ఆడపిల్ల పుడితే బారసాలకు వెళ్ళాం. పైమేడ పిల్ల, ఇప్పుడు అమ్మమ్మ, నలుగురు ఆడవాళ్ళ మధ్యన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది. "మా అక్కను చూడున్రి. నా కోరిక తీర్చాలె, పథ్యం చెడగొట్టొద్దు. ఏం చేసిందో తెలుసా? సొరకాయ పులుసులో ఒక్క ఉప్పుగల్లు వెయ్యలే. అంత ఆలోచించి చేసింది నాకు. ఈ కాలంల ఎవరు చేస్తరు?" అందరూ నావైపు గౌరవంగా చూశారు. వాళ్ళల్లో ఒకమ్మాయి ఫోనులో రాసుకోవడానికి కూడా సిద్ధపడింది.

చెప్పడానికి అదే మంచి సమయం. నోరు తెరిచాను. ఇంతమంది మధ్యన, ఇన్నేళ్ళ తరువాత, ఆ పిల్ల అంత ప్రేమగా చెప్పుకుంటున్నప్పుడు ఎలా చెప్పను? గంభీరంగా తల పంకించి, "బాలింతకు ఉప్పు మంచిది కాదమ్మా," అన్నాను. చీర ఎగదోపుకుని, మగవాళ్ళ బూట్లు వేసుకుని, తనకు తెలియనిది లేదనుకునే ఆ చిన్నది అప్పుడు నా లోపలే ఎక్కడో కూర్చుని కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, పాయసం గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.